ఎర్ర టాపు బండిలో అమ్మ

చీజిన్ దీవిలో అద్దెబళ్ల దుకాణం నడిపే సూయిన్ పోటీ దుకాణంవాళ్లు పందేనికి ఎలా తయారవుతున్నారో చూద్దామని పొద్దు పొడవకముందే వచ్చి సరుగుడు చెట్ల వెనక నక్కి కూర్చుంది. గాలిమరల పార్కు వైపు నుంచి ఎర్ర టాపు వేసిన నాలుగు చక్రాల తొక్కుడు బండి ఒకటి వస్తోంది. అందులోంచి వినబడ్డ నవ్వు తన తల్లిదేనని గుర్తుపట్టి ఆమె కొయ్యబారిపోయింది. కిందటి వారం సూయిన్‌ని మనం అక్కడే వదిలేశాం.

ఆ తల్లి పేరు షియాంగ్. మోకాళ్ల నొప్పులని మేడమెట్లు ఎక్కడం మానేసిన మనిషి. ఎర్ర టాపు బళ్లు దీవి మొత్తం మీద హోంగ్ ఒక్కడికే ఉన్నాయి. ఒకప్పుడు సూయిన్ తండ్రి మింగ్‌తే, ఈ హోంగ్ కలిసి, ఓడలు విరగ్గొట్టే చోట దొరికిన గొట్టాలకు పాత సైకిళ్లు అతికించి దీవిలో మొట్టమొదటి బండి చేశారు. తర్వాత టాపు పసుపు రంగుదా ఎర్ర రంగుదా అన్న దగ్గర మాటా మాటా పెరిగి విడిపోయారు. మింగ్‌తే పోయేదాకా మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ పగను ఇప్పుడు సూయిన్, హోంగ్ కొడుకు వెన్‌కాయ్ రేవు దగ్గర రోజూ పొద్దున్నే శ్రద్ధగా తోమి పెట్టుకుంటున్నారు.

బండి దగ్గరికొచ్చింది. ఈసారి పొరపాటుకు తావు లేదు. టాపు కింద గళ్ల గుడ్డ తలకు చుట్టుకుని, హ్యాండిలును రెండు చేతులా గట్టిగా పట్టుకుని తల్లి కూర్చుని ఉంది. పక్కన గడ్డి టోపీ పెట్టుకున్న హోంగ్.

సూయిన్ చెట్ల చాటు నుంచి వచ్చి, చేతులు బార్లా చాచి రోడ్డు మధ్యలో నిలబడింది.

"తప్పుకోవే," అని తల్లి అరిచింది. "నాకింకా బ్రేకు సరిగ్గా కుదర్లేదు."

అబద్ధం కాదు. బండి ఆగే సూచనే లేదు. సూయిన్ పక్కకు గెంతింది. బండి ఆమెను దాటిపోయింది. తల్లి వెనక్కి తిరిగి చూసే ప్రయత్నం చేస్తే బండి కాస్తా ఇసక వైపు లాగింది. హోంగ్ నెమ్మదిగా, "ముందుకు చూడు షియాంగ్, ముందుకు," అనడం సూయిన్ చెవిన పడింది. అంతే, ఆమెకు ఒళ్లు మండింది. పరుగెత్తుకెళ్లి, కమ్మీ పట్టుకుని, వెనక సీట్లోకి ఎక్కి కూలబడింది. అద్దెబళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకి నడిచే బండెక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఆపు బండి," అంది రొప్పుతూ.

"ముందు ఎత్తుంది. ఇప్పుడాపితే మళ్లీ ఎక్కదు. కూర్చున్నావుగా, తొక్కు."

సూయిన్ తొక్కింది. ఎందుకు తొక్కుతోందో తనకే తెలియలేదు. పెడల్ మీద పాదం పడ్డాక ఆ కుటుంబంలో ఎవరూ ఊరికే కూర్చోలేరు. వెనక నుంచి బలం అందేసరికి బండి హాయిగా ఎత్తెక్కేసింది.

"మోకాళ్లేమయ్యాయి?" అని అడిగింది.

"తగ్గాయి."

"ఎప్పుడు?"

"తొక్కడం మొదలెట్టాక."

"హోంగ్ మామా, మీరైనా చెప్పండి. ఏం జరుగుతోందిక్కడ?"

హోంగ్ టోపీ కొంచెం కిందికి లాక్కున్నాడు. "నేను పక్క సీటు వాణ్నమ్మా. నన్ను మాట్లాడొద్దంది మీ అమ్మ."

నల్ల ఇసక మీద వల లాగుతున్న జాలర్లు చేతులూపారు. ఇంకాస్త ముందుకు పోతే గుడ్డు దోసెలు వేసే అంగడావిడ గరిటె పైకెత్తి, "షియాంగక్కా, ఇవాళ ముగ్గురా?" అని పలకరించింది. అంటే దీవి మొత్తానికి తెలుసు. తెలియనిది తన ఒక్కదానికే.  కోపం కన్నా అదే సూయిన్‌ని ఎక్కువ బాధ పెట్టింది.

"నాతో తొక్కమంటే నీకు కాళ్లు లేవు," అంది.  "నాన్న పోయిన దగ్గర్నుంచి ఏటా అడుగుతూనే ఉన్నా. మాత్సు అమ్మవారి పుట్టినరోజు బళ్ల పందేనికి ఒకే ఇంటివాళ్లు ఇద్దరు కావాలి, మనింట్లో ఉన్నది ఇద్దరమే, రా అమ్మా అని. మోకాళ్లన్నావు. పసుపు టాపు బండి పందెంలో కనబడక ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. గెలిచినవాళ్లకి రేవు మలుపులో చోటిస్తారు. పడవ దిగినవాళ్లంతా ముందు అక్కడికే వస్తారు. మనం సందులో చివర కూర్చుని, తప్పిపోయి వచ్చినవాళ్లకి బళ్లిచ్చుకుంటున్నాం. ఇప్పుడు చూస్తే నువ్వు వీళ్ల బండెక్కి, వీళ్ల కోసం తొక్కుతున్నావు."

 హ్యాండిలుకి బిగించిన చిన్న అద్దంలో తల్లి కళ్లు మాత్రం సూయిన్‌కి కనబడుతున్నాయి. ఆ కళ్లలో నవ్వు పోయింది.

"నీతో తొక్కితే నేనెక్కడ కూర్చునేదాన్ని?" అని అడిగింది తల్లి.

"ఎక్కడేమిటి? నా పక్కన."

"అదే మరి. మీ నాన్న మంచివాడే. చెడ్డమాట ఒకటి అనను. కానీ పెళ్లయిన దగ్గర్నుంచి పోయేదాకా హ్యాండిలు ఒక్కసారి నా చేతికిచ్చిన పాపాన పోలేదు. పక్కన కూర్చుని తొక్కాను. ఎటు తిప్పుతాడో కాళ్లకి తెలియదు, తొక్కడమే వాటి పని. పక్క సీట్లోంచి సముద్రం సగమే కనబడుతుందే. మిగతా సగం ఆయన భుజమే."

"నన్నడగొచ్చుగా. నేనిచ్చేదాన్నిగా."

"ఇచ్చేదానివా?"

సూయిన్‌కి గుర్తొచ్చింది. మొన్న చలికాలంలోనే, ఒక బండిని కొట్టంలోకి తిప్పి పెట్టబోయిన తల్లి చేతిలోంచి హ్యాండిలు లాక్కుని, "నీకు రాదులే అమ్మా, గోడకి గీస్తావు," అన్నది తనే.  తల్లి చేతులు తుడుచుకుని లోపలికెళ్లి టమాటాలు కోసి, ముంచుకోవడానికి అల్లం సోయా పులుసు కలిపి తెచ్చి ముందు పెట్టింది. ఆ రోజు ఆ టమాటాలు బాగున్నాయని కూడా తను చెప్పినట్టు గుర్తు.

"గోడకే కాదు, దేనికైనా గీసేది," అన్నాడు హోంగ్ ఉండబట్టలేక. "మొదట్లో పార్కులో ఒక్క చెత్తకుండీని కూడా వదల్లేదు. ఇప్పుడు చూడు, మలుపు దగ్గర నాకంటే బాగా తిప్పుతోంది."

"నిన్ను మాట్లాడొద్దన్నానా లేదా."

"మెచ్చుకున్నాను కదా."

"మెచ్చుకోలు తర్వాత."

సూయిన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ కసురుకోవడంలో ఏదో వేరే రుచి ఉంది. అది పరాయివాళ్ల మధ్య వచ్చేది కాదు. ఆమె కాళ్లు కాస్త నెమ్మదించాయి.

"సరే, నేర్చుకున్నావు. అయినా నీకు పందెం ఎక్కడిది? ఒకే ఇంటివాళ్లయితేనే గదా తొక్కనిచ్చేది. మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు కాదుగా."

 చైన్ గరగరమంటోంది.

"నువ్వు చెప్పు," అంది తల్లి.

"నువ్వే చెప్పు. నీ కూతురు," అన్నాడు హోంగ్.

"ఇందాకటి నుంచీ మాట్లాడకూడదన్నప్పుడల్లా మాట్లాడావు. ఇప్పుడేమయింది?" అని విసుక్కుని, తల్లి అద్దంలోంచే చెప్పింది. "పండగ నాటికి ఒకే ఇంటివాళ్లం అవుదామనుకుంటున్నామే."

"అంటే? దుకాణం వాళ్లకి అమ్మేస్తున్నావా?"

"దుకాణం గొడవ కాదే పిచ్చిదానా. పెళ్లి."

బండి ఒక గుంతలో పడి లేచింది. ముగ్గురి తలలూ టాపుకి తగిలాయి. ఎవరూ అబ్బా అనలేదు.

"పందెం కోసం పెళ్లా?" అంది సూయిన్ తల తడుముకుంటూ.

ఈసారి హోంగ్ తనంతట తానే వెనక్కి తిరిగాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి, దొరికిపోయిన బడిపిల్లాడిలా ఉన్నాడు.

"పందెం వంకమ్మా," అన్నాడు. "వెన్‌కాయ్ ఈ ఏడు తొక్కనన్నాడు. కరెంటు బళ్ల కాలంలో ఈ తొక్కుళ్లేమిటి నాన్నా అన్నాడు. నాకు జోడీ లేకుండా పోయింది. నాలుగు పచ్చిరొయ్యలు కొనుక్కుందామని బజారుకొస్తే మీ అమ్మ కనబడింది. పందెంలోకి వస్తావా అని అడిగాను. హ్యాండిలు ఇస్తేనే వస్తానంది. ఒకే ఇంటివాళ్లయితేనే కదా రానిచ్చేది అన్నాను. అంటే ఏమిటని అడిగింది. ఏమిటో చెప్పాను. చెప్పడానికి నాకు ఇంకో దారి దొరకలేదు. మీ నాన్న నా స్నేహితుడు. వాడితో మాటలు లేకపోయినా స్నేహితుడే. వాడు పోయాక మీ గుమ్మం తొక్కే ధైర్యం నాకు రాలేదు."

"రొయ్యలు నా బుట్టలో పడేసి వెళ్లిపోయాడు," అంది తల్లి. "తన కూర సంగతి మర్చిపోయి."

సూయిన్ తనలో కోపం కోసం వెతుక్కుంది. ఇప్పుడు కోప్పడాలి. తండ్రి తరఫునైనా కోప్పడాలి. కానీ అద్దంలో తల్లి కళ్లు తన మొహాన్నే వెతుకుతున్నాయి. రోడ్డు చూడాల్సిన కళ్లు రోడ్డు మానేసి కూతుర్ని చూస్తున్నాయి. అరవై దాటిన మనిషి కూతురు ఏమంటుందోనని భయపడుతోంది.

"నువ్వు వద్దంటే మానేస్తాను సూయిన్," అంది తల్లి మెల్లగా. "పెళ్లి మానేస్తాను. బండి మాత్రం మానను. అది ముందే చెబుతున్నా."

సూయిన్ జవాబు చెప్పేలోపు వెనక నుంచి కీచుమని చప్పుడయింది. తెల్లగా మెరిసిపోతున్న కొత్త కరెంటు బండి ఒకటి వాళ్లను దాటి, అడ్డంగా తిరిగి ఆగింది. అందులోంచి వెన్‌కాయ్ దిగాడు. కాళ్లకి రబ్బరు చెప్పులు, పైన రాత్రి పడుకున్న బనీను. ఎవరో నిద్ర లేపి మరీ చెప్పినట్టున్నారు.

తల్లికి బ్రేకు దొరికింది. అతని మోకాళ్లకి జానెడు దూరంలో బండి ఆగింది.

"భేష్," అన్నాడు హోంగ్.

"నాన్నా, ఊళ్లో అనుకుంటున్నది నిజమేనా?" అన్నాడు వెన్‌కాయ్.

"ఏమనుకుంటున్నారు?"

"నువ్వూ షియాంగత్తా పెళ్లి చేసుకుంటున్నారని."

"నిజమే."

"కుదరదు," అన్నాడు వెన్‌కాయ్.

సూయిన్ చివాలున లేచింది. ఒక్క నిమిషం కిందట తన నాలుక చివర ఉన్న మాట అదే. ఇంకొకడి నోట వినేసరికి అది మంటెత్తించింది.

"ఏం, ఎందుకు కుదరదు? మా అమ్మకేం తక్కువ?" అంటూ బండి దిగి అతని ముందుకెళ్లింది. "మీ ఎర్ర టాపు కిందికి రావడానికి మా అమ్మ పనికిరాదా? మీ నాన్న బజారులో రొయ్యల సంచీ వదిలేసి పరుగెత్తాడు, తెలుసా నీకు? ఆయన్ని ఆ మాత్రం మనిషిగా ఎప్పుడైనా చూశావా? కరెంటు దొరవి. నీ బళ్లకి చార్జింగు పెట్టుకోవడం తప్ప ఇంట్లో మనుషుల సంగతేం తెలుసు నీకు?"

"నేను అత్తని ఏమన్నా అన్నానా?"

"కుదరదన్నావుగా."

"అన్నాను. కారణం వేరే."

"ఏమిటా కారణం?"

 రేవు దగ్గర ఆమెతో మాటకి మాట అప్పజెప్పే వెన్‌కాయ్, చెప్పు కొనతో ఇసక గీకుతూ నిలబడ్డాడు. చివరికి, "ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అని తన బండెక్కి మీట నొక్కాడు. బండి మూలిగి ఊరుకుంది. మళ్లీ నొక్కాడు. ఈసారి మూలుగు కూడా లేదు.

హోంగ్ ఆకాశం వైపు చూశాడు. షియాంగ్ పెదాలు బిగపట్టింది. సూయిన్ మాత్రం బిగపట్టలేకపోయింది. పొట్ట పట్టుకుని రోడ్డు మీదే కూర్చుని నవ్వింది.

ఏం చేస్తారు. కరెంటు బండిని ఎర్ర టాపు బండి వెనక తాడుతో కట్టారు. వెన్‌కాయ్ వచ్చి సూయిన్ పక్కన, వెనక సీట్లో కూర్చున్నాడు. నలుగురూ తొక్కడం మొదలుపెట్టారు. ముందు పెద్దవాళ్లు, వెనక చిన్నవాళ్లు, ఆ వెనక చచ్చిన బండి ఊరేగింపులో ఏనుగులా. గుడ్డు దోసెల అంగడావిడ ఈసారి గరిటె ఎత్తడం కూడా మర్చిపోయి చూసింది.

"ఇప్పుడు చెప్పు," అంది సూయిన్ కళ్లు తుడుచుకుంటూ. "ఎక్కడికీ పారిపోలేవు."

అతను రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు. "షియాంగత్తని ఇన్నాళ్లూ అత్తా అని పిలిచాను. అమ్మా అని పిలవడానికి నాకేం కష్టం లేదు. మా అమ్మ పోయాక ఆ మాట అని చాలా కాలమయింది. ఆ మాట వరకూ నాకు సంతోషమే."

"మరి?"

"ఆవిడ నాకు అమ్మయితే నువ్వు నాకేమవుతావు?"

"చెల్లెల్ని అవుతాను. అయితే ఏం?"

"అదే కుదరదంటున్నాను," అన్నాడు వెన్‌కాయ్. చెవులు వాళ్ల టాపు రంగులోకి తిరిగాయి.

ముందు సీట్లో ఇద్దరూ ఒక్కసారిగా తొక్కడం ఆపేశారు. బండి తన ఊపుకి తనే కొంతదూరం దొర్లింది.

సూయిన్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనసు ఎందుకో కిందటేటి తుఫాను రాత్రి మీదికి పోయింది. నీళ్లు సందులోకి వచ్చినప్పుడు, ఆమె చేరేసరికి పసుపు టాపు బళ్లన్నీ ఎత్తు మీదున్న హోంగ్ కొట్టంలో వరసగా నిలబడి ఉన్నాయి. సగం ఎర్ర బళ్లు నీళ్లలో తేలుతున్నాయి. వెన్‌కాయ్ మోకాలి లోతు బురదలో నిలబడి వాటిని లాగుతున్నాడు. అప్పుడు ఆమె అతనితో అన్న మాట, "ఆ చివరి బండి మడ్‌గార్డుకి సొట్ట పెట్టావు చూడు," అని. అతను క్షమించమన్నాడు. మర్నాడే వచ్చి సొట్ట తీసి వెళ్లాడు. ఇంకా ఉన్నాయి. రోజూ పొద్దున రేవులో ఆ రబ్బరు చెప్పుల చప్పుడు వినబడితే గానీ ఆమె తగాదా మొదలుపెట్టదు. ఒకరోజు అతను జ్వరమొచ్చి రాకపోతే, ఆ రోజంతా బేరాలు బాగా జరిగినా ఏమీ జరగనట్టే అనిపించింది. అది పగ అనుకుంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది. 

"నువ్వు నన్ను కరెంటు దొర అనక ముందు నుంచి."

"మరి రోజూ పోట్లాట దేనికి?"

"పోట్లాడితేనే కదా నువ్వు మాట్లాడేది."

హోంగ్ ముఖం చూడాల్సిందే. పాపం, ఆయన తన పెళ్లి కోసం కొడుకుని ఒప్పించాలనుకున్నాడు గానీ, కొడుకే తన పెళ్లికి అడ్డం పడి నిలబడతాడని కల కూడా కనలేదు. "ఇప్పుడెలా షియాంగ్?" అన్నాడు దిక్కుతోచక. "మనం చేసుకుంటే వీళ్లు అన్నాచెల్లెళ్లు. వీళ్లు చేసుకుంటే మనం వియ్యంకులం. వియ్యంకుణ్ని చేసుకున్న వియ్యపురాలని నిన్ను ఊరు ఊరంతా ఆడిపోసుకుంటుంది."

"ఊరు ఎప్పుడో అనుకునేసింది. పొద్దున్నే దోసెలతో పాటు నంజుకుంటోంది కూడా," అంది షియాంగ్. కానీ కూతురి వైపు తిరిగేసరికి ఆమె గొంతు మారింది. "సూయిన్, నీకు ఇష్టమైతే చెప్పు. నేను తప్పుకుంటాను. నా వయసుకి హ్యాండిలు దొరికింది, అది చాలు."

"నువ్వేం తప్పుకోనక్కర్లేదు," అంది సూయిన్ వెంటనే. "ఎవరూ తప్పుకోనక్కర్లేదు. బండి గుడికి తిప్పు."

"గుడికెందుకు?"

"అమ్మవారినే అడుగుదాం."

"ఏమని?" అన్నాడు వెన్‌కాయ్. ఆ ఒక్క ప్రశ్నలో అతని ప్రాణమంతా ఉంది. ఆమె అతని మొహం చూసింది. "తొక్కు," అంది.

సముద్రం మీద జాలర్లను కాచే మాత్సు అమ్మవారి గుడిలో అప్పుడే ధూపం పెట్టారు. పొగ పలచగా పైకి లేస్తోంది. వెనక తాడుకి కట్టిన బండితో సహా ఎర్ర బండి గుడి ముందాగేసరికి, మెట్లు కడుగుతున్న ముసలి పూజారి చీపురు పక్కన పెట్టి దారి ఇచ్చాడు. నలుగురూ చేతులు కడుక్కుని లోపలికెళ్లారు.

సూయిన్ పళ్లెంలోంచి నెలవంకల్లా చెక్కిన ఎర్రటి చెక్కలు రెండు తీసుకుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అమ్మవారు ఔనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టో, నవ్వి ఊరుకున్నట్టో. చెక్కలు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. తల్లి ఆమె పక్కన, మోకాళ్లు నొప్పన్న మాటే మర్చిపోయి, అలాగే కూర్చుంది.

"పైకి చెప్పి అడుగు," అంది తల్లి గుసగుసగా. "మాకూ తెలియాలి."

సూయిన్ కళ్లు మూసుకుంది. "అమ్మా మాత్సూ," అంది అందరికీ వినబడేలా. "మా ఇంట్లో రెండు పెళ్లిళ్లు జరగాలి. అది నేను అడగడం లేదు, చెబుతున్నా. అడిగేది ఒక్కటే. ముందు మా పెళ్లి జరగనివ్వు. అప్పుడు మేము అన్నాచెల్లెళ్లం కాము. తర్వాత పండగలోపు అమ్మ పెళ్లి. ఊరు ఏమన్నా అమ్మ పడుతుందట. ఇది నీకు సమ్మతమేనా?"

వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడయింది. అది వెన్‌కాయ్. హోంగ్ కొడుకు భుజం పట్టుకుని తను పడిపోకుండా నిలబడ్డాడు.

సూయిన్ చేతులు విడిచింది.

చెక్కలు రాతినేల మీద టకటకమని పడ్డాయి. మొదటిది అక్కడికక్కడే బోర్లా పడి కదలకుండా ఉండిపోయింది. రెండోది అంచు మీద నిలబడి, చక్రంలా దొర్లుకుంటూ పోయి, నైవేద్యాల బల్ల కింద ఎర్రగుడ్డ చాటుకి వెళ్లి, అక్కడెక్కడో తిరిగి తిరిగి పడిన చప్పుడయింది.

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకేసారి నేల మీదికి వంగి, ఆ గుడ్డ అంచు పైకెత్తారు.